గంజపా: గోడకా, చాపకా?

పాతది, దొరకనిది అన్న రెండు మాటలు చెవిని పడగానే చేతులు జోడించుట మన చదువుకున్న కుటుంబాలలో ఒక అలవాటైపోయినది. ఆ వస్తువు ఒకనాడు దేనికి పనికివచ్చినదో, నేడు పనికివస్తుందో లేదో విచారించే ఓపిక లేదు. దానిని అద్దాల బీరువాలో పెట్టి, ఇంటికి వచ్చినవారికి చూపి, తాతల నాటిదని చెప్పుకొన్నంత మాత్రాన సంస్కృతిని కాపాడినట్లు తృప్తి పడుతున్నాము. ఈ తృప్తితోనే మాకు తగాదా. ఈ తగాదాలో సాక్ష్యం కొరకు దూరం పోనక్కరలేదు. మనము స్థిరపడిన ఈ గంజాం సీమలోనే అది ఉన్నది. దాని పేరు గంజపా.

గంజపా అనగా గుండ్రని పేకముక్కలతో ఆడే ఆట. పాత నూలుగుడ్డను పొరలు పొరలుగా చింతగింజల జిగురుతో అతికి, సుద్దపొడి పూసి, రాతితో మెరుగుపెట్టి, గుండ్రముగా కత్తిరించి, దానిపై బొమ్మలు వ్రాస్తారు. తెలుపు శంఖమునుండి, ఎరుపు ఇంగిలీకమునుండి, పసుపు హరిదళమునుండి, నలుపు దీపపు మసినుండి వస్తాయి. పైన లక్కపూత. పూరీ జిల్లా రఘురాజపురం పటచిత్రకారులు, సోన్‌పూర్, పర్లాకిమిడి వంటి చోట్ల చిత్రకారులు ఈ పనికి పేరుపొందినవారు. రంగుల సంఖ్యను బట్టి ఒడియాలో దీనికి పేర్లు: ఎనిమిది రంగులైతే ఆఠరంగి, పది అయితే దశరంగి, పన్నెండయితే బారరంగి. రంగుకు పన్నెండు ముక్కలు. కాబట్టి కట్టకు వరుసగా 96, 120, 144 ముక్కలు.

ఈ కట్టలను నేడు కొంటున్నవారు లేకపోలేదు. కాని కొనేవారిలో పెక్కుమంది ఆడేవారు కారు. నాలుగు ముక్కలు ఏరి చట్రములో బిగించి ముందుగది గోడకు తగిలిస్తారు. తక్కినవి పెట్టెలో ఉంటాయి. పెళ్ళికి కానుకగా ఇస్తారు, దూరదేశపు అతిథికి జ్ఞాపికగా ఇస్తారు. ‘ఇది ఎట్లా ఆడతారు?’ అని ఇంటి పిల్లవాడు అడిగితే చెప్పగలవారు ఉండరు. ఇక మన ప్రశ్న ఇది: ఇంత అరుదైపోయిన ఈ ఆట ఆడదగినదా, లేక చూచి మెచ్చుకొని ఊరకుండదగినదా? ఆడదగినదే అని మా వాదము. అయితే అరుదైనది గనుక ఆడదగినది అనుట మా వాదము కాదు. ఆ రెండింటికీ గల భేదమును చెప్పుటకే ఈ వ్యాసము.

అరుదుతనమునకు ఎంత వెల కట్టవచ్చునో లోకము ఈమధ్యనే చూచినది. 1990 దశకములో మన పిల్లలు టెలివిజన్‌కు తగిలించి క్యాసెట్లతో ఆడిన వీడియో ఆటలు చాలామందికి జ్ఞాపకమే. ఆ జాతికి చెందిన ‘సూపర్ మారియో 64’ అనే జపాను ఆట 1996లో వెలువడి, ప్రపంచములో కోటికి పైగా అమ్ముడుపోయినది. అంటే అది అరుదైన ఆట కానే కాదు. అయినప్పటికీ 2021 జూలైలో అమెరికాలో జరిగిన ఒక వేలములో దాని ప్రతి ఒకటి 15 లక్షల 60 వేల డాలర్లకు పోయినది. ఎందువల్ల? దాని పెట్టె సీలు ఎవరూ విప్పలేదు. ఎవరూ ఆడలేదు. కొన్నవాడు కూడా ఆడితే ఆ క్షణములోనే దాని వెల కూలిపోతుంది. ఆడకుండుటకే అంత సొమ్ము పోయవలసిన వస్తువును ఇంకా ఆట అనుట ఎట్లా? అదే ఆటను చౌకగా కొని, అరిగిపోయిన మీటలతో ఆడుకొన్న పిల్లవాడు ఆ ఆట విలువ ఎరుగును. వేలములో కొన్నవాడు ఎరిగినది పెట్టె విలువ మాత్రమే. గంజపా ముక్కను అద్దము వెనుక బిగించినవారు ఈ రెండవ కోవలోకి జారుతున్నారని మా ఫిర్యాదు.

పాతవన్నీ ఆడదగినవే అని కూడా మేము అనము. మైసూరు ప్రభువు ముమ్మడి కృష్ణరాజ ఒడయరు (1794–1868) పేకాటలమీద మక్కువతో ‘చదము’ అనే పేర కొత్త ఆటలు కల్పించినాడు. వానిలో పెద్దదానికి 360 ముక్కలు. దానిని చూచి రాజుగారి బుద్ధికి అబ్బురపడవలసినదే. కాని 360 ముక్కలను చేతబట్టి ఆడే ఓపిక జనానికి ఎక్కడిది? ఆ ఆటలు ప్రాసాదము దాటి వీధిలోకి రాలేదు. అట్టివానికి ప్రదర్శనశాలయే తగిన చోటు. అందుచేత ప్రతి పాత ఆటకు ఒక పరీక్ష పెట్టవలెను. ఆ పరీక్ష ఇది: రేపు బరంపురం బజారులో ఈ కట్టలు గంపలకొద్దీ పది రూపాయలకు అమ్మినా, అప్పుడు కూడా దానిని ఆడబుద్ధి పుట్టునా? పుట్టినచో అది ఆట. పుట్టనిచో అది వట్టి పురావస్తువు.

ఈ పరీక్షలో గంజపా నెగ్గుతుంది. ఎట్లో చూడండి. ఎనిమిది రంగుల మొగలు పద్ధతినే తీసుకుందాము. ప్రతి రంగులోను రాజు, మంత్రి, ఒకటి మొదలు పది వరకు అంకెల ముక్కలు ఉంటాయి. రాజు పెద్ద, మంత్రి తరువాత. ఇంతవరకు వింత లేదు. కాని తాజ్, సఫేద్, షంషేర్, గులామ్ అనే నాలుగు రంగులలో మంత్రి తరువాత పది పెద్దది, ఒకటి అన్నిటికంటె చిన్నది. చంగ్, సుర్ఖ్, బరాత్, కిమాష్ అనే తక్కిన నాలుగింటిలో వరుస తలక్రిందులు. అక్కడ ఒకటి పెద్దది, పది చిన్నది. ఒక చేతిలోని పది రాజ్యమేలుతుంటే, పక్కనే ఉన్న పది బంటుకంటె తక్కువ. కేవలము అంకెను చూచి మురిసిపోయేవానిని ఈ ఆట మొదటి పంపకములోనే దెబ్బతీస్తుంది.

ఆటగాళ్ళు సాధారణముగా ముగ్గురు. మనిషికి 32 ముక్కలు. తురుపు అనేది లేదు. చేతిలోని ముక్క, ఆ రంగులో ఇంకా బయటపడనివాటిలో పెద్దదా కాదా అన్నదే ఆట అంతా. రాజు, మంత్రి వెళ్ళిపోయిన తరువాత ఆ రంగులో పదియో, ఒకటో సింహాసనమెక్కుతుంది. అదియు పోతే తొమ్మిదియో, రెండో. ఏ రంగులో ఎవరు రాలిపోయినారు, ఎవరు మిగిలినారు అన్న లెక్క ఎనిమిది రంగులకూ ఏకకాలములో మనస్సులో నడవవలెను. కాగితము లేదు, కలము లేదు. ఏమరిన వాని చేతిలో పెద్ద ముక్క ఉండి కూడా వానికి తెలియదు. చిన్న ముక్కను పెద్దదనుకొని దిగినవాడు పట్టు పోగొట్టుకుంటాడు. పంపకము ముగిసిన తరువాత అదృష్టము పక్కకు తప్పుకొని, జ్ఞాపకశక్తికి చోటిస్తుంది. ఎనిమిది అవధానాలను చూచి పరవశించే జాతికి ఎనిమిది రంగుల ధారణ పరాయి విద్య ఎట్లా అవుతుంది?

ఇంకొక సొగసు ఉన్నది. ఈ ఆటకు కాలజ్ఞానము కలదు. మొగలు పద్ధతిలో పగలు ఆడితే సుర్ఖు రాజుతో, అనగా బంగారు నాణెపు రంగు రాజుతో ఆట మొదలు. రాత్రి ఆడితే సఫేదు రాజుతో, అనగా వెండి రంగు రాజుతో. దశావతారపు కట్టతో ఆడేచోట పగటికి రాముడు, రాత్రికి కృష్ణుడు. దీపము పెట్టే వేళకు పెద్దరికము చేతులు మారుతుంది. ఆకాశములోని మార్పును చాపమీద పరచిన ముక్కలలోకి తెచ్చిన ఈ ఊహ గోడమీద వ్రేలాడే బొమ్మలో ఎవరికి కనిపిస్తుంది? ఆడితేనే కనిపిస్తుంది.

దీనికి ఎదురు చెప్పేవారి వాదాలు నాలుగు. ఒక్కొక్కదానికి జవాబు చెప్పుతాము.

మొదటి వాదము: పేకాట ఇల్లు గుల్లచేసే వ్యసనము, సంఘము దానిని ప్రోత్సహించరాదు. ఇది గౌరవింపదగిన వాదము. పందెము కట్టి కొంపలు తీసుకొన్నవారు ఏ ఊరిలోనూ కొరత కాదు. కాని భారతమును సరిగా చదువుకొందాము. ధర్మరాజును అడవికి పంపినది పాచిక కాదు, పందెము. అదే భారతములో నలుని కథ కూడా ఉన్నది. జూదములో రాజ్యము పోగొట్టుకొన్న నలునికి, ఋతుపర్ణుడు చెట్టు ఆకులను కాయలను చూపుమేరలో లెక్కించి చూపి, అక్షహృదయమును నేర్పినాడు. ఆ విద్య అబ్బగానే నలుని పట్టిన కలి వదలినాడు. లెక్క తెలియని ఆట కలి, లెక్క తెలిసిన ఆట విద్య అని మన పూర్వులు ఎంత చక్కగా వేరుచేసినారో చూడండి. కావున చాపమీదికి డబ్బు రాకూడదు. ఈ ఒక్క నియమమునకు సడలింపు ఉండరాదు. తక్కినదంతా విద్యయే.

రెండవ వాదము: ఇది మన ఆట కాదు, ఒడియావారి ఆట, తెలుగు సంఘమునకు దీనితో ఏమి పని? ఈ వాదమును మేము గట్టిగా ఖండిస్తాము. ఈ ఆట మూలములో ఒడియావారిదీ కాదు. గంజాం, గంజపా అనే పేర్లలోని పోలికను చూచి కథలు అల్లనక్కరలేదు. గంజిఫా అనే మాట పారసీక దేశమునుండి ఆటతో కూడ వచ్చినది. 1527లో సింధు దేశపు షా హసన్‌కు గంజిఫా పంపించిన సంగతి బాబరు తన ఆత్మకథలో వ్రాసుకొన్నాడు. అక్బరు ఈ ఆటలో చేసిన మార్పులను అబుల్ ఫజల్ ‘అయినీ అక్బరీ’లో వివరించినాడు. అక్కడనుండి ఈ ఆట ఏ నేలకు పోతే ఆ నేలదైపోయినది. వంగదేశపు విష్ణుపురములో దశావతారాలైనది. కొంకణపు సావంతవాడిలో చిత్తారుల కుంచెకెక్కినది. ఒడిశాలో రాముని పక్షము, రావణుని పక్షముగా చీలి రామాయణమైనది. తొమ్మిదవ అవతారము చోట జగన్నాథుడు వచ్చి కూర్చున్నాడు. మన తెలుగు నేలపై నిర్మల్ నకాషీ చిత్రకారులు కూడా గంజిఫా ముక్కలు వ్రాసినవారే. పారసీకపు గులాము, షంషేరు పక్కన మన రాముడు కూర్చొనుటకు ఎవరూ అభ్యంతరము చెప్పలేదు. నాలుగైదు శతాబ్దాలుగా వచ్చినవారినందరినీ చాపమీద కూర్చోబెట్టిన ఆటనుండి మనమే లేచిపోవుట వివేకమా?

ఈ సందర్భములో గిడుగు రామమూర్తి పంతులుగారిని స్మరింపవలెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి, కొండలలోని సవరలను ఇంటికి పిలిచి, వారి నోటినుండి వారి భాష నేర్చుకొన్న మహనీయుడు ఆయన. జనుల నోట ఆడే భాషయే జీవద్భాష అని ఆయన జీవితమంతా పోరాడినారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి దానిలో చేరినప్పుడు, ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరము వెళ్ళిపోయినారు. ఆయన నిర్ణయము ఆయనది. కాని మన పెద్దలు వెళ్ళలేదు. బరంపురంలో, ఛత్రపురంలో, పర్లాకిమిడిలో ఇక్కడే ఉన్నారు, ఇల్లు కట్టినారు, పిల్లలను ఇక్కడి బడులలో చదివించినారు. ఉండిపోయినవారికి రెండు బాధ్యతలు. తమ భాషను ఇంటిలో నిలుపుకొనుట ఒకటి. ఉన్న ఊరి ఆటపాటలలో పొరుగువారితో సమానముగా కూర్చొనుట రెండవది. మొదటిదానిని గూర్చి మనము చాలా వ్యాసాలు వ్రాసినాము. రెండవదానిని గూర్చి వ్రాసినది తక్కువ. తెలుగు ఇంటి చాపమీద ఒడియా పొరుగువారు వచ్చి కూర్చొని మూడవ చేయి అయితే, ఆ సాయంకాలము రెండు భాషలూ బ్రతుకుతాయి. ముగ్గురు కావలసిన ఆట గనుక మూడవవాని కొరకు పక్క గుమ్మము తట్టక తప్పదు.

పంతులుగారు భాషను గూర్చి చెప్పినది ఆటకు కూడా వర్తిస్తుంది. నిఘంటువులో మాత్రమే ఉన్న మాటకు, పెట్టెలో మాత్రమే ఉన్న ఆటకు గతి ఒక్కటే. 1982లో లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాల గంజిఫాపై రుడాల్ఫ్ వాన్ లైడెన్ అనే పండితుడు వ్రాసిన గ్రంథమును వెలువరించినది. పుస్తకములో ఆట భద్రముగా ఉన్నది. కాని పుస్తకము ముక్కలు పంచదు. మన బరంపురపు బుఢీ ఠాకురాణీ యాత్రను చూడండి. రెండేండ్లకు ఒకసారి ఊరంతా వేషములు కడుతుంది. అందరూ చూచేవారే అయి, వేషము కట్టేవాడు ఒక్కడూ లేకపోతే ఆ యాత్ర ఏమవుతుంది?

మూడవ వాదము: ఇంత అందమైన చేతిపనిని ఆడి అరగదీయుట అపచారము. దీనికి జవాబు ఆ పనిలోనే ఉన్నది. పొరలు పొరలుగా గుడ్డ ఎందుకు అతికినారు? ముక్క విరగకుండుటకు. లక్క ఎందుకు పూసినారు? చేతి చెమట తగిలి రంగు పోకుండుటకు. గుండ్రముగా ఎందుకు కత్తిరించినారు? మూలలు ఉంటే నలిగి ముక్క గుర్తు పట్టుబడును గనుక, గుండ్రనిదానికి ఆ చిక్కు లేదు. ఆ చేతిపని మొత్తము అరుగుదలకు సిద్ధపడి పుట్టినదే. తాతల నాటి కట్ట ఉన్నవారు దానిని భద్రపరచుకొనవలసినదే, మేము కాదనము. ఆడుటకు కొత్త కట్ట వ్రాయించండి. అప్పుడు చిత్రకారునికి మేలే. అలంకారముకొరకు కొనేవాడు బొమ్మ సొగసు మాత్రమే అడుగుతాడు. ఆడేవాడు అన్ని ముక్కల వెనుకవైపులు ఒక్కలాగున ఉన్నవా, చేయి దూరములో ఏడుకు ఎనిమిదికి భేదము తెలుస్తున్నదా, కట్టలో ఒక్క ముక్కయినా తక్కువైనదా అని అడుగుతాడు. ఈ ప్రశ్నలు అడిగేవారు కరువైననాడు గంజపా వ్రాసే విద్య గుండ్రని బొమ్మలు వ్రాసే విద్యగా మారిపోతుంది. పేరు నిలుస్తుంది, పని పోతుంది. యాత్రికుడు ఒక్కసారి కొంటాడు. ఆటగాడు ముక్క అరిగినప్పుడెల్లా మరల వస్తాడు.

నాలుగవ వాదము: ఇది కష్టమైన ఆట, నేటి పిల్లలకు పట్టుబడదు. ఈ మాట పెద్దలు తమ బద్ధకమునకు పిల్లల పేరు పెట్టుట తప్ప మరొకటి కాదు. సెల్‌ఫోను ఆటలలో వందలకొలది పాత్రల బలాబలాలు తడుముకోకుండా చెప్పగల పిల్లవానికి ఎనిమిది రంగులు భారమా? కాకపోతే ఆటలో అసలైన ఇబ్బందులు కొన్ని ఉన్నాయి, వానిని దాచనక్కరలేదు. గుండ్రని ముక్కలను 32 ఒకేసారి పట్టుకొనుటకు చిన్న చేతులు చాలవు. కాగితపు పేకవలె వీటిని కలుపుట కుదరదు. గుడ్డమీద కుప్పపోసి చేతితో కలియత్రిప్పవలెను. ఆటకు ఒక పూట పడుతుంది. యంత్రాలమీద అచ్చయిన 52 ముక్కల కాగితపు పేక చౌకగా బజారుకు వచ్చిన తరువాత గంజపా వెనుకబడుటకు ఈ ఇబ్బందులు కూడా కారణమే. అందుచేత మొదటి రోజుననే పిల్లల ముందు మొత్తము కట్టను కుమ్మరించకండి. నాలుగు రంగులు మాత్రము తీయండి: పది పెద్దదైనవి రెండు, ఒకటి పెద్దదైనవి రెండు. 48 ముక్కలు, ముగ్గురికి పదహారేసి. రెండు ఆదివారాలలో వరుస పట్టుబడుతుంది. తరువాత ఆరు రంగులు, ఆపైన ఎనిమిది. అట్టముక్కలు కత్తిరించి పిల్లలచేతనే రంగులు వేయిస్తే ఖర్చు కూడా లేదు.

సావంతవాడిలో 1970 దశకములో ఈ చేతిపని అడుగంటుతుండగా అక్కడి రాజకుటుంబమే పూనుకొని చిత్రకారులను కూర్చోబెట్టి నిలబెట్టినది. మనకు రాజకుటుంబములు లేవు. సంఘములున్నవి, సంఘమునకు గది ఉన్నది, గదిలో చాప ఉన్నది. ఏటేట సాంస్కృతిక ప్రదర్శనలో ఒక బల్లమీద గంజపా ముక్కలు పేర్చి ‘దయచేసి ముట్టుకొనకండి’ అని చీటి పెట్టుటకు అయ్యే శ్రమతోనే నెలకొక ఆదివారము ఒక కట్ట విప్పి కూర్చొనవచ్చును. ఆట నియమాలు ఇంకా నోట నిలిచి ఉన్న ఒడియా వృద్ధులను గౌరవముతో పిలిపించవలెను. వారు చెప్పిన పద్ధతిని తెలుగులో వ్రాసి సంఘ సంచికలో ప్రకటించవలెను. ఊరికొక పద్ధతి ఉంటే భేదములను కూడా వ్రాయవలెను. పందెము నిషేధించవలెను. ఆడపిల్లలను కూడా చాపమీద కూర్చోబెట్టవలెను. గుర్తుపెట్టుకొనే విద్యలో వారు ఎవరికీ తీసిపోరు.

నియమాలు తెలిసిన తరము వయస్సు మీరుతున్నది. కట్ట నూరేండ్లైనా బీరువాలో ఉంటుంది. ఆడటము తెలిసిన మనిషి ఉండడు. ముక్కలు పోతే రఘురాజపురములో మరల వ్రాయించుకొనవచ్చును. ఆడే పద్ధతి పోతే వ్రాసి ఇచ్చే చిత్రకారుడు లేడు. కాబట్టి గంజపాను మెచ్చుకొనేవారికి మా విన్నపము ఒక్కటే. ఆ నాలుగు ముక్కలను గోడమీదినుండి దింపి కట్టలో కలపండి. నాలుగు తక్కువైన కట్టతో ఆట సాగదు.